గోడ వెనక చువ్వ చప్పుడు

మసి దులిపే బ్రష్షు పొగదారిలో పైకి వెళ్తూ వెళ్తూ ఒకచోట ఆగిపోయింది.

మెరెరిద్ చేతిలోని కర్రను అటూ ఇటూ తిప్పి చూసింది. కదల్లేదు. నిప్పుగూట్లో మోకాళ్ల మీద కూర్చుని, కర్రకు ఇంకో ముక్క తగిలించి, భుజం బలమంతా పెట్టి నెట్టింది. ఏదో లొంగింది. పైన ఎక్కడో రాయి రాయిని రాసుకున్న చప్పుడు, వెంటనే ధబ్బుమని ఒక మోత. మీద పడుతుందేమోనని ఆమె చటుక్కున తల వెనక్కి తీసుకుంది.

కింద పడింది గుప్పెడు మసి, నాలుగు గూటి పుల్లలు. అంతే.

"ఏమిటే ఆ చప్పుడు?" వంటింట్లోంచి తెగ్వెన్ అడిగింది.

"కాకి గూడు ఆంటీ. మీ కాకులు రాళ్లతో కట్టుకున్నట్టున్నాయి."

అన్నదే కాని ఆ మాట ఆమెకే నచ్చలేదు. అంత మోత మోగి పడింది ఇంతేనా? మిగతాది ఎక్కడికి పోయింది? టార్చి వేసి పైకి చూసింది. పొగదారి కొంత ఎత్తు నిటారుగా వెళ్లి, పక్కకు వంగింది. వంపు అవతల చీకటి. బ్రష్షు ఇప్పుడు అడ్డు లేకుండా పైదాకా వెళ్తోంది. దారి తెరుచుకుంది కదా, చాలు అనుకుని కర్రలు విప్పేసింది.

నంత్ ఐరిన్ ఉత్తర వేల్స్ కొండల్లో పలకరాయి గని పక్కన వెలసిన ఊరు. గని ఎప్పుడో మూతపడింది, కూలీల ఇళ్ల వరసలు మిగిలాయి. ఊరంతటికీ కలిపి ఇంటిపేర్లు నాలుగైదే కావడంతో మనిషికో పనిపేరు తగిలిస్తారు. పాత నిప్పుగూళ్లు విప్పి కట్టెల స్టవ్‌లు బిగిస్తుంది కాబట్టి ఈమె పొయ్యిల మెరెరిద్. జీవితమంతా చర్చిలో ఆర్గన్ వాయించినావిడ ఆర్గన్ తెగ్వెన్. గనిలో పలకలు చీల్చిన పక్కింటి ముసలాయన పలకల ఎమ్రిస్.

తెగ్వెన్ ఇంటికీ ఎమ్రిస్ ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. రెండు నిప్పుగూళ్లు ఆ గోడకు చెరోవైపు వీపులు ఆనించుకుని కూర్చున్నట్టుంటాయి. రెండింటి పొగా ఒకే చిమ్నీలో పక్కపక్క దారుల్లో పైకి పోతుంది. తెగ్వెన్ వైపు దారి ఏళ్ల తరబడి చల్లగానే ఉంది. నిప్పుగూటి నోటికి తీసిపెట్టే చెక్క ఒకటి అడ్డం పెట్టి, ఎలక్ట్రిక్ హీటరు తెచ్చుకుంది. పోయిన శీతాకాలం గాలివానకు కరెంటు తీగలు తెగిపోయి, ఆవిడ కోటూ టోపీ వేసుకుని మంచంలోనే రోజులు గడిపింది. ఈ నవంబరులో చలి ముదరకముందే స్టవ్ పెట్టించాలని పట్టుబట్టింది.

ఇవాళ్టి పని, స్టవ్ కూర్చునే చోటు సిద్ధం చేయడం. వదులు రాళ్లు తీసేసి, నేల చదును చేసి, మీద నల్లటి పలకరాయి పరచాలి. ఆ పలక గోడకు ఆనించి ఉంది. మెరెరిద్ దాని వెనక అంటించిన చీటీ చూసి నవ్వింది.

"ఆంటీ, ఇది స్పెయిన్ పలక."

"అయితే ఏం? పలకే కదా."

"పలకరాయి తవ్విన కొండ కింద కూర్చుని స్పెయిన్ నుంచి తెప్పించారా? పక్కింటి పెరట్లో ఎన్ని పాత పలకలు పడున్నాయో."

"పక్కింటి పెరట్లో ఏముందో నాకు తెలీదు. చూడను కూడా." తెగ్వెన్ లోపలికి వెళ్లిపోయింది.

మెరెరిద్ డ్రిల్లు అందుకుని, నిప్పుగూటి అడుగున పాత సిమెంటు పగలగొట్టడం మొదలుపెట్టింది. చాలాసేపు ఇల్లంతా దడదడలాడింది. తలెత్తి చూసేసరికి తెగ్వెన్ గుమ్మంలో నిలబడి ఉంది, రెండు చేతుల్లో రెండు టీ కప్పులు.

"అది కాసేపు ఆపుతావా అమ్మాయ్?"

ఆపింది. తెగ్వెన్ కప్పు ఇవ్వలేదు. నిప్పుగూటి వైపు తల వంచి నిలబడింది. గోడ గడియారంలో పదకొండు దాటి చాలాసేపయింది.

"నీకేమైనా వినపడిందా?"

"ఏం వినపడాలి?"

"ఏం లేదు. నీ పని చూసుకో."

మళ్లీ డ్రిల్లు మొదలుపెట్టిందో లేదో తెగ్వెన్ మళ్లీ వచ్చింది. ఈసారి చేతుల్లో కప్పులు కూడా లేవు. కుర్చీలో కూర్చుంది, లేచింది, కిటికీ దగ్గరికి వెళ్లింది. బయట మబ్బు కొండ మీంచి జారి ఇళ్ల కప్పుల మీద కూర్చుని ఉంది. చిమ్నీలేవీ కనబడటం లేదు.

"ఆంటీ, స్టవ్ వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండి. పలక అంటించాక చెబితే ఏడుస్తాను."

"స్టవ్ గురించి కాదే. ఎమ్రిస్ కొట్టలేదు."

"ఎవర్ని?"

"ఎవర్నో ఏమిటి, గోడని."

అప్పుడు చెప్పింది. ఎమ్రిస్ భార్య మోర్విద్ బతికున్నప్పుడు రోజూ పదకొండింటికి టీ కాచి, నిప్పులు ఎగదోసే ఇనప చువ్వతో నిప్పుగూటి వెనక గోడ మీద కొట్టేది. టీ అయింది, రావే అని దానర్థం. తెగ్వెన్ ఇటునుంచి కొట్టేది, వస్తున్నా అని. ఊళ్లో పాతవాళ్లందరిదీ అదే అలవాటు. ఒంట్లో బాగోకపోయినా, నొప్పులు మొదలైనా, కబురు ముందు చువ్వ మీదే వెళ్లేది.

కొన్నేళ్ల కిందట మోర్విద్ పోయింది. అంత్యక్రియల్లో తెగ్వెన్ ఆర్గన్ వాయిస్తోంది, ఎమ్రిస్ ముందు నిలబడి పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో చెయ్యెత్తి పాట ఆపేసి, ఊరంతా వింటుండగా అన్నాడు, "తెగ్వెన్, నువ్విలా వాయిస్తే నా పెళ్లాం పునరుత్థానం నాటికి కూడా పాట పూర్తవదు." తెగ్వెన్ ఆర్గన్ మూత వేసేసి ఇంటికి వచ్చేసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"మర్నాడు పదకొండింటికి గోడ మీద చప్పుడైంది," అంది తెగ్వెన్. "గబగబా, ఎవరో తరుముతున్నట్టు. ఆ కొట్టుడు మోర్విద్‌ది కాదు. కాసేపు ఊరుకుని నేనూ కొట్టాను. నెమ్మదిగా, నా పద్ధతిలో. అప్పట్నుంచి ఒక్కరోజు తప్పలేదు. ఆయన కొడతాడు, నేను కొడతాను. బతికున్నావా అంటే, ఉన్నాను, నువ్వో అని. అంతకుమించి మాకేం అక్కర్లేదు."

మెరెరిద్ చేతిలోని డ్రిల్లు వైపు చూసింది. "ఆంటీ, పదకొండింటికి నేను ఇల్లు కూల్చేస్తున్నానుగా. ఆయన కొట్టే ఉంటాడు. ఈ మోతలో మీకెలా వినబడుతుంది?"

తెగ్వెన్ ముఖం కాస్త తేరుకుంది. "అంతే అంటావా?"

"అంతే. ఉండండి, నిశ్శబ్దంగా ఉంటే..."

ఇద్దరూ నిప్పుగూట్లోకి తలలు వంచి విన్నారు. గోడ అవతల సన్నగా రేడియో. ఎవరో మగ గొంతుతో గొర్రెల సంత కబుర్లు చెబుతున్నాడు.

"చూశారా? ఇంట్లోనే ఉన్నాడు. హాయిగా రేడియో వింటున్నాడు."

కానీ తెగ్వెన్ కదల్లేదు. బట్టలు మడతపెట్టే మనిషిలా తన ఏప్రన్ అంచును మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. చివరికి కుర్చీ వెనక ఆనించి ఉన్న చువ్వ తీసుకుని నిప్పుగూటి ముందు వంగింది.

"నేనెప్పుడూ ముందు కొట్టలేదు," అంది.

కొట్టింది. గోడ మీద నిన్నటిదాకా ఉన్న ఇటుకల తొడుగును మెరెరిద్ విప్పేసింది. చువ్వ నేరుగా రాతి మీద పడి ఖంగుమంది. ఒక్కో దెబ్బకూ మధ్య పెద్ద ఎడం. తర్వాత ఇద్దరూ ఆగారు. రేడియోలో సంత అయిపోయింది, వాతావరణం మొదలైంది. గోడ అవతల నుంచి జవాబు రాలేదు.

"ఆయనకి చెవుడు కదా ఆంటీ."

"చెవితో వింటాడనుకున్నావా? చువ్వ ఆయన కుర్చీ పక్కన రాతికే ఆనించి ఉంటుంది. అదే వణుకుతుంది."

మెరెరిద్ కోటు వేసుకుని బయటికి వెళ్లింది. చప్పుడు చేస్తున్నందుకు క్షమాపణ చెప్పే మిషతో ఎమ్రిస్ తలుపు తట్టింది. గట్టిగా తట్టింది. తలుపు తియ్యలేదు. కిటికీకి లోపలినుంచి మందపాటి తెర. చెవిటి మనిషి, రేడియో గట్టిగా పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. పగటిపూట ఒక ముసలాయన నిద్రపోతే ఇల్లు పగలగొట్టి లేపుతారా?

లోపలికి వచ్చి అదే చెప్పింది. తెగ్వెన్ తలూపింది. కానీ చువ్వ చేతిలోంచి దించలేదు.

మెరెరిద్ సిమెంటు కలపబోయి ఆగింది. పొద్దున్న విన్న ఆ మోత మళ్లీ గుర్తొచ్చింది. రాయి రాయిని రాసుకున్న చప్పుడు, పడిన గుప్పెడు మసి. ముసలావిడ కంగారు తనకూ అంటుకుంటోందని తెలుస్తోంది. అయినా ఆ మోత తలలోంచి పోవడం లేదు. పలక పరిచాక పొగ పరీక్ష చేద్దామనుకుంది. ఇప్పుడే చేసేస్తే మనసు కుదుటపడుతుంది.

"ఆంటీ, పదండి, పొగ పెట్టి చూద్దాం."

రెండు కాగితాలు కాల్చి పొగదారి వేడెక్కించింది. ఒక ఇటుక మీద పొగబిళ్ల పెట్టి అంటించి, నిప్పుగూటి నోటికి చెక్క అడ్డం పెట్టింది. తెల్లటి పొగ బుస్సుమంటూ పైకి లేచింది. ఇద్దరూ వీధిలోకి నడిచారు.

అప్పటికే మబ్బు పలచబడి, సన్నగా వాన మొదలైంది. ఇళ్ల కప్పుల మీద తడి పలకలు మెరుస్తున్నాయి. చిమ్నీ మీద రెండు మట్టి గొట్టాలు పక్కపక్కనే కనబడుతున్నాయి, ఎడమది తెగ్వెన్‌ది, కుడిది ఎమ్రిస్‌ది.

రెంటిలోంచీ పొగ వస్తోంది.

తెగ్వెన్ గుండెల మీద చెయ్యేసుకుంది. "వచ్చింది. చూడవే, ఆయన పొయ్యి మండుతోంది. లేచాడు, బొగ్గులు వేసుకున్నాడు. ముసలి వెధవ, కొట్టడానికి మాత్రం బద్ధకం. నన్ను చంపుకుతిన్నాడు పొద్దుట్నుంచీ." ఆవిడ కళ్లు తుడుచుకుని నవ్వింది. "నేను ముందు కొట్టానని ఇప్పుడు జన్మంతా చెప్పుకుంటాడు."

మెరెరిద్ కూడా నవ్వింది. ఊపిరి వదిలింది. తలెత్తి మళ్లీ చూసింది.

రెండు పొగలూ ఒకే తెలుపు. ఎమ్రిస్ కాల్చేది బొగ్గు. కొత్తగా వేస్తే పసుపు కలిసిన బూడిద రంగులో రావాలి. ఇది పాలలా ఉంది. వానగాలికి రెండూ ఒకేసారి ఒరిగి, మళ్లీ ఒకేసారి లేచాయి.

"ఏమిటే?" అంది తెగ్వెన్.

"ఒక్క నిమిషం."

లోపల పొగబిళ్ల ఆరిపోయే వేళయింది. ఎడమ గొట్టంలో పొగ పలచబడింది. కుడి గొట్టంలోనూ పలచబడింది. ఎడమది ఆగింది. కుడిదీ ఆగింది. చిమ్నీ మీద రెండు గొట్టాలూ ఖాళీగా నిలబడ్డాయి.

మెరెరిద్‌కు అప్పుడు అంతా అర్థమైంది. ఈ ఊళ్లో పాత చిమ్నీలు కట్టినవాళ్లు రెండు పొగదారుల మధ్య ఇటుక గోడ కట్టలేదు. గని పక్కనే ఉంది, పలకలు ఊరికే దొరుకుతాయి, నిలువుగా ఒక పలక నిలబెట్టి వదిలేశారు. పొద్దున బ్రష్షుకు అడ్డం తగిలింది కాకి గూడు కాదు, ఆ పలక. తను నెట్టింది. అది అవతలి దారిలోకి పడి, కింద వంపులో అడ్డంగా ఇరుక్కుంది. దాని పైన మిగిలిన కంతలోంచి తన తెల్ల పొగ ఎమ్రిస్ గొట్టంలోకి వెళ్లింది. దాని కింద ఎమ్రిస్ నిప్పు. ఈ వేళకు ఎర్రగా కణకణలాడుతూ ఉంటుంది. పొగ ఉండదు, వాసన ఉండదు. ఆ నిప్పు వదిలే విషవాయువు పైకి పోయే దారి లేదు. ఇల్లంతా అదే గాలి.

"ఆంటీ, అది మన పొగ. ఆయన దారి మూసుకుపోయింది. నేనే మూసేశాను. అంబులెన్సుకు ఫోను చెయ్యండి, పరుగెత్తండి."

తెగ్వెన్ అప్పటికే ఇంట్లోకి తిరిగింది.

మెరెరిద్ సుత్తి తీసుకుని ఇళ్ల వెనక సందులోకి పరుగెత్తింది. పెరటి తలుపుకు లోపల గడియ. వంటింటి కిటికీ అద్దం పగలగొట్టి, కోటు విప్పి కిటికీ అంచు మీద పరిచి లోపలికి దూకింది. గాజు అరచేతిని కోసింది. ఊపిరి బిగబట్టి ముందుగా పెరటి తలుపు గడియ తీసి బార్లా తెరిచింది. బయటికి వంగి గుండెల నిండా గాలి పీల్చుకుని ముందుగదిలోకి వెళ్లింది.

గది వెచ్చగా, శుభ్రంగా ఉంది. పొయ్యిలో నిప్పు అందంగా ఎర్రగా ఉంది. బల్ల మీద రెండు ఖాళీ కప్పులు, టీ ఇంకా కాచలేదు. గోడకు విషవాయువు అలారం వేలాడుతోంది, వెనక మూత ఊడి, బ్యాటరీలు లేకుండా. ఆ బ్యాటరీలు పక్కనే రేడియోలో పాడుతున్నాయి.

ఎమ్రిస్ కుర్చీలో లేడు. పొయ్యి ముందు నేల మీద పక్కకు తిరిగి పడి ఉన్నాడు. ఒక చెయ్యి చువ్వ వైపు చాచి ఉంది.

మెరెరిద్ ఆయన చంకల్లో చేతులు వేసి లాగింది. చూడ్డానికి ఎండుపుల్లలా ఉండే మనిషి రాయిలా బరువెక్కాడు. వంటింటి గుమ్మం దగ్గర ఆమె ఇక ఊపిరి బిగబట్టలేకపోయింది. ఒకసారి పీల్చింది, కణతలు దడదడ కొట్టుకున్నాయి. పట్టు జారుతోందనగా గుమ్మంలోకి ఇంకో రెండు చేతులు వచ్చాయి. తెగ్వెన్. తుంటినొప్పి అని చర్చి మెట్లు కూడా ఎక్కని మనిషి, ఎమ్రిస్ స్వెట్టరు మెడ దగ్గర పట్టుకుని బస్తాను ఈడ్చినట్టు వానలోకి ఈడ్చేసింది.

పెరట్లో తడి పలకల కుప్ప పక్కన పడుకోబెట్టారు. ముఖం మీద వాన పడుతోంది. కదలిక లేదు.

"ఎమ్రిస్," అంది తెగ్వెన్. ఇన్నేళ్లలో ఆ పేరు ఆవిడ ఆయన ముఖం మీద పలకడం అదే మొదలు. "ఎమ్రిస్ ప్యూ, లే. నీ కోసం అంబులెన్సు కొండ దాటి వస్తోంది, ఊరికే తిప్పి పంపించేటట్టున్నావు."

మెరెరిద్ ఆయన ముక్కు దగ్గర చెంప పెట్టింది. సన్నగా ఊపిరి. ఆగి, మళ్లీ వచ్చింది. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయింది, మళ్లీ మొదలుపెట్టింది. సందు చివర నుంచి ఇంకా ఏ చప్పుడూ లేదు. తెగ్వెన్ తన ఏప్రన్ విప్పి ఆయన ముఖం మీద వాన పడకుండా పట్టుకుంది, అంతలోనే వాన పడితేనే మంచిదేమోనని తీసేసింది, మళ్లీ పట్టుకుంది.

కొండ మలుపులో సైరను వినబడేవేళకు ఎమ్రిస్ దగ్గాడు. కళ్లు తెరిచాడు. చూపు ఎక్కడా నిలవలేదు. పెదాలు కదిలాయి. తెగ్వెన్ చెవి దగ్గరగా పెట్టింది.

"గోడ... ఎవరో కొట్టారు."

"నేనే కొట్టాను."

"తెలుసు. ఆ నత్త నడక ఇంకెవరిది." మళ్లీ దగ్గు. "లేద్దామనుకున్నా. చువ్వ అందలేదు."

తెగ్వెన్ ఏప్రన్‌తో ఆయన ముఖం తుడిచింది, కాస్త గట్టిగానే.

ఎమ్రిస్‌ను ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజున మెరెరిద్ ఆయన ఎదుట నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. పలకను నెట్టింది తనేనని, చప్పుడు విని కూడా ఆగలేదని. అప్పటికే చిమ్నీని పై గదిలోంచి తెరిచి, మధ్యలో ఇటుక గోడ కట్టి, రెండు దారుల్లోనూ ఉక్కు గొట్టాలు దించేసింది. అలారంలో కొత్త బ్యాటరీలు వేసి, రేడియోకు వేరేవి తెచ్చింది.

ఆయన అంతా విని మెడ గోక్కున్నాడు. "నువ్వు కాకపోతే ఏ గాలివానో పడేసేది. సున్నం పెట్టకుండా పలక నిలబెట్టాడు వెధవ, ఎవడో మా తాతల నాటివాడు." తర్వాత అడిగాడు, "అవతల స్టవ్ కింద ఏ పలక వేశావ్?"

మెరెరిద్ నేల చూపులు చూసింది. "ఆవిడే కొనుక్కున్నారు అంకుల్. స్పెయిన్‌ది."

ఎమ్రిస్ కళ్లు మూసుకున్నాడు. "ఎందుకమ్మా నన్ను బయటికి లాగారు?"

స్టవ్ కూర్చున్న రోజు తెగ్వెన్ ఇంకో పేచీ పెట్టింది. మెరెరిద్ వెనక గోడకు వేడి తట్టుకునే తెల్ల బోర్డులు కొట్టబోతుంటే అడ్డం నిలబడింది.

"రాయి రాయిలాగే ఉండనీ. బోర్డు కొడితే వినబడదు."

"సరే, ఉంచుతాను. కానీ స్టవ్ మధ్యలో ఉంటే వెనక్కి మీ చెయ్యి ఎలా వెళ్తుంది?"

"అయితే పక్కకు జరుపు."

"ఆంటీ, వంకరగా ఉంటుంది. పొయ్యిల మెరెరిద్‌కి కళ్లు పోయాయంటారు ఊళ్లో."

"అననీ."

స్టవ్‌ను కొలతల్లో ఎంత వీలుంటే అంత కుడివైపుకు జరిపింది. ఎడమవైపు ఒక చెయ్యి, ఒక చువ్వ పట్టేంత చోటు మిగిలింది. స్పెయిన్ పలక మీద స్టవ్, గుమ్మం దగ్గర నిలబడ్డ పెళ్లికూతురిలా ఒక పక్కకు ఒదిగి కూర్చుంది. మెరెరిద్ దాన్ని చూసి మొహం తిప్పుకుంది.

మొదటి కట్టె అంటించారు. పొగ చక్కగా పైకి పోయింది. మెరెరిద్ వీధిలోకి వెళ్లి చూసి వచ్చింది. ఎడమ గొట్టంలో కట్టెల పొగ, కుడి గొట్టంలో బొగ్గు పొగ, రెండు రంగులు. లోపలికి వచ్చి టీ కప్పు పట్టుకుని కూర్చుంది. తెగ్వెన్ కూర్చోలేదు. చువ్వ చేతిలో ఉంది. గడియారం పదకొండుకు చేరింది. దాటింది.

"నిద్రపోయి ఉంటాడు," అంది మెరెరిద్. అంటూనే అలారం బ్యాటరీలు, ఇటుకల మధ్య సున్నం, ఉక్కు గొట్టం అతుకులు ఒక్కొక్కటీ తలలో మళ్లీ తిరిగాయి. కప్పు కింద పెట్టి లేచింది.

అప్పుడు గోడ మోగింది. గబగబా, తరుముతున్నట్టు.

తెగ్వెన్ వంగి, స్టవ్ పక్కనుంచి చెయ్యి దూర్చి జవాబు కొట్టింది. ఒక దెబ్బ. తాపీగా ఇంకొకటి.

ఆవిడ మూడోది కొట్టకముందే అవతల నుంచి మళ్లీ గబగబా దెబ్బలు పడ్డాయి.

"చూశావా ఆ తొందర?" అంది తెగ్వెన్. చువ్వను గోడకు ఆనించి, పలక మీద పడ్డ మసిని చీపురుతో ఊడ్చి, కట్టె ఒకటి సర్ది, అప్పుడు తీరిగ్గా మూడో దెబ్బ కొట్టింది.